అటకమీది పెట్రోమాక్సు

తడ దగ్గర జాతీయ రహదారిని విడిచి పడమటికి తిరిగిన బాటసారికి రాత్రివేళ ముందుగా గోచరించునది శ్రీ సిటీ వెలుగు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలముల నేలపై 2008లో ఆరంభమైన ఈ పారిశ్రామిక నగరములో నేడు మెట్రో రైలుపెట్టెలు, ఎయిర్ కండిషనర్లు తయారగుచున్నవి. ఆ కర్మాగారముల కాంతి మబ్బుల అడుగుభాగమునకు తగిలి, చుట్టుపట్ల పల్లెలకు తెల్లవారుచున్నదా అను భ్రాంతి కలిగించును. ఐనను బంగాళాఖాతము నుండి పులికాటు సరస్సు మీదుగా వచ్చు తుపానుగాలికి ఈ వెలుగుతో నిమిత్తము లేదు. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగ్ తుపాను, అంతకు ముందే తిరుపతి జిల్లా తూర్పుభాగమును భారీవర్షములలో ముంచినది. అటువంటి గాలివానలు వచ్చినపుడు స్తంభములు ఒరుగును, తీగలు తెగును, పల్లె చీకటగును.

అట్టి రాత్రి ఏదో యొక యింట అటక జ్ఞాపకమునకు వచ్చును. "ఒరేయ్, మీ తాత గ్యాసులైటు అటక మింద ఉండాల, చూడు" అని అవ్వ అనును. మనుమడు నిచ్చెన వేసికొని, సాలెగూళ్ళ నడుమనుండి బరువైన ఆ ఇత్తడి వస్తువును దించును. నికెల్ పూత అక్కడక్కడ పోయినది, గాజు చిట్లినది, అడుగున ఎన్నడో మిగిలిపోయిన నూనె జిగురుకట్టినది. కుఱ్ఱవానికి ఉత్సాహము మెండు. ఇంట కిరసనాయిలు లేదు. రేషను కార్డుపై నీలిరంగు కిరసనాయిలు తెచ్చుకొన్న రోజులు గడచిపోయినవి. మోటారుసైకిలులో మాత్రము పెట్రోలున్నది. పేరులోనే 'పెట్రో' యున్నది గదా యని వానికి తోచును.

సరిగా ఈ చోటనే ఆగవలసియున్నది.

'పెట్రోమాక్సు' అను పేరులోని పెట్రో పెట్రోలు కాదు, పెట్రోలియము. జర్మను భాషలో ఆ మాటను కిరసనాయిలుకే వాడుదురు. మాక్సు అన్నది ఒక మనిషి పేరు. బెర్లిన్ నగరములో ఎహ్రిచ్ అండ్ గ్రేట్జ్ అను దీపముల కంపెనీకి అధిపతియైన మాక్స్ గ్రేట్జ్, 1910 ప్రాంతమున కిరసనాయిలును గాలి ఒత్తిడితో ఆవిరిచేసి మండించు దీపమును సిద్ధపరచి తన పేరును దానికి జోడించినాడు. స్వీడనులో ఆప్టిమస్, రేడియస్ అనునవి, ఇంగ్లండులో టిల్లీ అనునది ఇదే జాతి దీపములు. కాని మన దేశమున ఏ కంపెనీ దీపమైనను పెట్రోమాక్సుగనే చెల్లినది. చిత్తూరు పల్లెలలో ఆ పేరు గూడ అవసరము లేకపోయినది. గ్యాసులైటు అన్న చాలును. పేరులోని పెట్రోను పెట్రోలని భ్రమించినందువలన కలుగు ప్రమాదము మాత్రము చిన్నది కాదు. కిరసనాయిలు ఆవిరి అంటుకొనవలెనన్న నూనె కనీసము 35 డిగ్రీల వరకు వేడెక్కవలెనని మన దేశపు ప్రమాణము. పెట్రోలునకు ఆ నియమమే లేదు; మంచుగడ్డ మీద పెట్టినను దాని ఆవిరి అంటుకొనును. కిరసనాయిలు దీపములో పెట్రోలు పోయుట, సగమునకు సగము కలిపి పోయుట, డబ్బా అడుగున ఏముండెనో తెలియక పోయుట ఈ మూడును ఒక్కటే.

ఈ దీపమునకు చిత్తూరు సీమలో గొప్ప చరిత్ర యున్నది. అది ఏ గ్రంథములోను చేరలేదు గాని, ఏ పల్లెలోనైన ముసలివారిని అడిగిన చెప్పుదురు. సత్యవేడు ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీవరకు మద్రాసు రాష్ట్రమందలి చెంగల్పట్టు జిల్లాలో ఉండి, నాడు ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. అందుచేత అక్కడి వీధినాటకమున తెలుగు భాగవతము, అరవ తెరుక్కూత్తు ఒకే గజ్జెకట్టి ఆడినట్లుండును. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో వేసవికాలమున జరుగు భారత ఉత్సవములు జిల్లాయంతట ప్రసిద్ధములు. పద్దెనిమిది దినములు పగలు హరికథ, రాత్రి నాటకము. బకాసురుని బండి ఊరేగును, అర్జునుడు తపస్సు మాను ఎక్కును, మట్టితో పరుండబెట్టిన దుర్యోధనుని తొడ విరుగును, చివర నిప్పులగుండము.

ఈ నాటకములకు పూర్వము కాగడాలే దిక్కు. ఆముదములో తడిపిన గుడ్డచుట్టలు వెలిగించి, ఆటగానికి అటునిటు ఇద్దరు నిలిచెడివారు. అనేక గ్రామములలో ఆ పని చాకలివారి వంతుగ నుండెను. వేషగాని ముఖమునకే గాని మూడవ వరుసవానికి ఆ వెలుగు చేరెడిది కాదు. గ్యాసులైటు వచ్చిన పిదప నాటకపు రూపమే మారినది. అర్దళము పూసిన ముఖము పచ్చగా మెరయుట, కిరీటములోను భుజకీర్తులలోను పొదిగిన అద్దపుముక్కలు తలతిప్పినపుడెల్ల జనముపై వెలుగుచుక్కలు విసరుట, తెర వెనుకనుండి దుర్యోధనుడు దుమికినపుడు అతని నీడ ఎదుటి యింటి గోడపై తాటియంత లేచుట ఇవన్నియు ఆ తెల్లని కాంతి యిచ్చిన వరములు. వ్రాతప్రతిలో లేని రసమును కొంత దీపము కల్పించినదనుట అతిశయోక్తి గాదు.

ఐతే కాగడా పట్టుటకు చేతిబలము చాలును. గ్యాసులైటునకు అది చాలదు. నాటకము రాత్రి పది గంటల ప్రాంతమున మొదలై వేకువదాక సాగును. అయిదువందల కొవ్వొత్తుల దీపమునకు తొట్టెడు నూనె, అనగా సుమారు ఒక లీటరు, ఎనిమిది గంటలు వచ్చును. రాత్రికి తొట్టి సరిపోవును గాని గాలి సరిపోదు. నూనె తగ్గినకొలది గాలికి చోటు పెరిగి ఒత్తిడి పడిపోవును. గంటకో గంటన్నరకో ఒకడు లేచి వచ్చి పంపు కొట్టవలెను. ద్రౌపది మొరపెట్టుకొను ఘట్టములో వెలుగు పసుపుబారినచో జనము ద్రౌపదిని చూడరు, దీపమును చూతురు. అందువలన లైటు చూచు మనిషి నాటకమును చెవితో విని దీపమును కంటితో చూచెడివాడు. లేక కన్ను నాటకముపై నుంచి చెవి దీపమున కప్పగించెడివాడు. అనుభవము గలవాడు రెండవ విధమునే ఎన్నుకొనును. ఏలయనగా ఈ దీపము తన జబ్బును ముందు చెవికి చెప్పి తరువాతనే కంటికి చూపును.

దాని భాష తెలియుటకు దాని కడుపులో ఏమి జరుగుచున్నదో తెలియవలెను. పాఠశాలలో భౌతికశాస్త్రము చదివినవారికి ఇది కష్టము కాదు.

అడుగున నూనెతొట్టి. అందు ముప్పాతిక భాగము నూనె, పైన గాలి. పంపుతో గాలిని కుదించినచో ఒత్తిడి గడియారములోని ముల్లు ఎఱ్ఱగీటువరకు, అనగా సుమారు రెండు వాతావరణముల ఒత్తిడికి చేరును. ఇది సైకిలు చక్రములోని గాలికన్న ఎక్కువేమియు గాదు. ఆ ఒత్తిడికి నూనె సన్నని గొట్టమువెంట పైకెక్కును. ఆ గొట్టము దీపపుమంట పక్కగనే పోవును గనుక నూనె అక్కడ మరగి ఆవిరియగును. ఆవిరి సూదిమొన పట్టునంత రంధ్రమునుండి అమితవేగముతో వెలువడుచు, చుట్టునున్న గాలిని తనతో లాగికొనిపోవును. బున్సెన్ బర్నరులో జరుగునది సరిగా ఇదియే. ఆవిరియు గాలియు కలిసి, వంగిన గొట్టములో క్రిందికి దిగి, పింగాణి మూతిదగ్గర మండును. ఆ మంట నీలముగ, మసిలేక, దాదాపు వెలుగే లేక యుండును. వెలుగిచ్చునది మంటకాదు, మంటచుట్టు వ్రేలాడు మేంటిల్ అను వలసంచి. ఆ వెలుగుతోబాటు పుట్టిన వేడి మరల నూనెగొట్టమును కాచి తరువాతి బొట్టును ఆవిరిచేయును. ఇట్లు దీపము తన అన్నము తానే వండుకొనును. మొదటి పూట మాత్రము ఎవరో వండిపెట్టవలెను. స్పిరిటు గిన్నెతో ముందు కాచుట అందుకే.

మేంటిల్ కథ విద్యార్థులు తెలిసికొనదగినది. దానిని కనిపెట్టినవాడు బున్సెనునకే శిష్యుడైన ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్. అరుదైన మన్నుల లవణములలో నూలువలను ముంచి మంటలో పెట్టగా నూలు కాలిపోయి, వల ఆకారమున లోహభస్మము మిగిలి, అది తెల్లగా మెరయుట అతడు గమనించినాడు. 1885లో పేటెంటు పొందిన మొదటి మేంటిలు ఆకుపచ్చగ వెలిగెడిది, జనమునకు రుచింపలేదు. పట్టువదలక 1891లో తొంబదితొమ్మిది పాళ్ళు థోరియము భస్మము, ఒక పాలు సీరియము భస్మము అను పాకము కుదిర్చినాడు. ఆ ఒక్క పాలు లేనిచో వెలుగు లేదు. రెండుమూడు పాళ్ళు హెచ్చినను వెలుగు తగ్గును. థోరియము భస్మము వేడిని కంటికి కనబడని కిరణములుగ వృథాచేయదు గనుక మిక్కిలి వేడెక్కును. ఆ వేడిని తెల్లని వెలుగుగ మార్చునది సీరియము. ఇతడే 1885లో ఒకే మూలకమని అందరు నమ్మిన దానిని నియోడైమియము, ప్రేసియోడైమియము అని రెండుగ విడదీసినాడు. నేటి అనేక ఎయిర్ కండిషనర్ల మోటారులలో నియోడైమియము అయస్కాంతములున్నవి. అటకమీది దీపమునకును, శ్రీ సిటీ కర్మాగారములలో తయారగు యంత్రములకును ఈ విధముగ ఒకే మనిషి చేయి తగిలియున్నది.

థోరియము మనకు పరాయిది గాదు. 1909లో షోంబెర్గ్ అను జర్మను రసాయనవేత్త తిరువాన్కూరు కొబ్బరిపీచుతోబాటు వచ్చిన ఇసుకలో మోనజైటు ఉన్నదని పసిగట్టి, మణవాళక్కుఱిచ్చి తీరమును వెదకుకొని వచ్చినాడు. ఐరోపా వీధిదీపముల మేంటిళ్ళకు ఆ ఇసుక ఓడలలో తరలిపోయినది. స్వాతంత్ర్యానంతరము 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడి, ఆళువాలో కర్మాగారము నెలకొల్పినది. భీమునిపట్టణపు ఇసుకలోను మోనజైటు కలదు.

థోరియము రేడియోధార్మికము. దీనికి భయపడి పరుగిడవలసిన పనిలేదు. వ్రేలాడుచున్న మేంటిలునుండి బయటివారికి చేరు కిరణములు అల్పము. కాని కాలిన మేంటిలు పొడి ఊపిరిలోనికిగాని కడుపులోనికిగాని పోరాదు. చిరిగిన మేంటిలును వేళ్ళతో నలిపి ఊదుట, పిల్లలు దానితో ఆడుట, చీపురుతో ఎండపొడిగా ఊడ్చుట తగదు. తడిగుడ్డతో తుడిచి, పొట్లముకట్టి పారవేసి, చేతులు కడుగవలెను. క్రొత్త మేంటిలు తొలిసారి కాలునపుడు వచ్చు పొగకు దూరముగ నిలువవలెను. ఇటీవల అనేక మేంటిళ్ళలో థోరియమునకు బదులు ఇట్రియము వాడుచున్నారు. వెలుగు కొంచెము తగ్గినను చింత తగ్గును.

ఇక తొట్టి సంగతి. పాతదీపమును దించినవారందరు గాజు చూతురు, మేంటిలు చూతురు. తొట్టిని తోమి తళతళలాడించి సంతోషింతురు. ప్రాణమున్నది తొట్టిలోనే. ఇక్కడ ఒక విచిత్రమైన విషయము చెప్పవలసియున్నది. బ్రిటిషు సైన్యము మన దేశమున నిలువచేసిన ఇత్తడి తూటాగొట్టములు వానకాలము రాగానే ఎవరును ముట్టకుండగనే పగుళ్ళిచ్చెడివి. ఋతువునుబట్టి వచ్చు జబ్బు గనుక దానికి 'ఋతుపగులు' అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టినారు. 1921లో కారణము తేలినది. తూటాలు గుఱ్ఱపుసాలలలో నిలువయుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి వచ్చు అమ్మోనియా, వానకాలపు తేమ, అచ్చులో సాగదీసినపుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు ఈ మూడును కలిసి లోహమును చీల్చినవి. పెట్రోమాక్సు తొట్టియు సాగదీసిన ఇత్తడియే. మన పల్లెలలో గ్యాసులైటు అటకపై లేనిచో ఎక్కడ ఉండును? పశువుల కొట్టములో, దూలమునకు తగిలించి. ముప్పది సంవత్సరములు ఎద్దులమీదుగా వచ్చిన గాలిని పీల్చిన తొట్టికి వెంట్రుకవాసి పగుళ్ళు ఉండవని ఎవరు చెప్పగలరు?

కాబట్టి నూనె పోయకముందు గాలితో పరీక్షింపవలెను. తొట్టిని వేడినీళ్ళతోను సబ్బుతోను కడిగి, ఆరబెట్టి, మూత బిగించి, ఖాళీతొట్టికే నాలుగుమార్లు పంపు కొట్టి, సబ్బునురుగు అంతట పూయవలెను. అతుకులచోట, అడుగు అంచున, మూతక్రింద, గడియారము మొదట ఎక్కడ బుడగ లేచినను జాగ్రత్త. మూతక్రింద బుడగ వచ్చిన వాషరు మార్చిన పోవును. తొట్టి ఇత్తడిమీదనే వచ్చినచో ఆ దీపము ఇక అలంకారమునకే. దానికి టంకము పెట్టించి వెలిగించుట వివేకము గాదు. టంకము కరగు వేడి రెండువందల డిగ్రీలలోపే, పగులు టంకము పక్కనుండి మరల సాగును. తాతగారి జ్ఞాపకముగ కొయ్యపీటపై నిలిపిన చాలును.

పంపు పనిచేయకున్న కంగారుపడనక్కరలేదు. లోపలి తోలువాషరు ఎండి ముడుచుకొని యుండును. దానిని తీసి, యంత్రపునూనెలో నానబెట్టి, అంచులు వెలుపలికి విప్పిన, అనేకసార్లు అది మరల బ్రతుకును. పంపుకాడ కొట్టిన తరువాత దానంతట అదే పైకి లేచుచున్న, లేక పంపులోనికి కిరసనాయిలు వచ్చుచున్న, తప్పు తోలుది గాదు. పంపు అడుగున గాలిని వెనుకకు రానీయని కవాటములోని చిన్నబిళ్ళది. అది మార్చక దీపము వెలిగించుట కూడదు. వాషర్లు, రంధ్రపు ముక్కలు ఒక కంపెనీవి మఱొకదానికి పట్టినట్లుండి పట్టవు. చూచుటకు ఒకటిగనే యుండును; మరచుట్టు తేడా. బలవంతముగ బిగించిన ఇత్తడి మరలు తెగిపోవును.

వెలిగించుట ఇంటిబయట, గాలి విసురు లేనిచోట, చదునైన నేలపై చేయవలెను. పూరిపందిలిక్రింద, తాటాకుల చూరుక్రింద ఎన్నడును కాదు. పక్కన ఒక బక్కెట్టు ఇసుక, తడిపిన గోనెసంచి ఉండవలెను; నూనెమంటపై నీళ్ళు చల్లరాదు. నూనె గుడ్డలో వడగట్టి, ముప్పాతికకు మించకుండ పోయవలెను. గాలికి చోటు మిగులనిచో ఒత్తిడి నిలువదు; పైగా గాలిమర విప్పినపుడు గాలికి బదులు నూనె చిమ్మును. మేంటిలును పింగాణిమూతి గాడిలో సమముగ ముడివేసి, మిగిలిన దారము కత్తిరింపవలెను. స్పిరిటుగిన్నె నింపి అంటించి, మంట దాదాపు ఆరబోవువరకు ఓర్పుతో నిలువవలెను. చాలలేదని మండుచున్న గిన్నెలో మరల స్పిరిటు పోయువారికన్న అవివేకులు లేరు. మంట డబ్బాలోనికి వెనుకకు పాకును. స్పిరిటు చివరిమంటలో నుండగా గాలిమర బిగించి పంపు కొట్టిన, ఆవిరి లేచి మేంటిలు పొగచూరి, కుదించుకొని, హఠాత్తుగ తెల్లనగును. పిమ్మట ఎఱ్ఱగీటువరకు మెల్లగ గాలి కొట్టవలెను. కొన్ని దీపములలో స్పిరిటుకు బదులు తొట్టినూనెతోనే బుసలుకొట్టు చిన్న వేడిమంట యుండును. దానికి మాత్రము ముందే గాలి కొట్టవలెను, నిమిషమునకు తక్కువ కాకుండ మండనీయవలెను.

అందరును చేయు తప్పు తొందర. గొట్టము చాలినంత కాగక ముందే నూనె వదలినచో, అది ఆవిరికాక ద్రవముగనే చిమ్మి, దీపము నెత్తిమీదుగా పసుపుపచ్చని మంట మూరెడెత్తు లేచును. చూచినవాడు దీపమును ఎత్తుకొని పరుగెత్తును, లేక దూరముగ విసరివేయును. ఈ రెండింటివలననే చీరలు, పందిళ్ళు అంటుకొన్నవి. చేయవలసినది ఒక్కటి: నూనె చక్రము మూసి, తొట్టిమూతపైనున్న గాలిమర విప్పుట. గాలి బుస్సున పోవును. ఒత్తిడి లేని నూనె పైకెక్కజాలదు. పైనున్న కొద్దినూనె తనంతట కాలిపోవును. లైటు మనుష్యులు పెట్టిన మొదటి పాఠము ఇదియే. కొందరు చీకటిలో తడిమినను గాలిమర దొరకువరకు కుఱ్ఱవానిచేత దీపము ముట్టనిచ్చెడివారు కారు. ఇక్కడ పెట్రోలు సంగతి మరల తలచుకొనవలెను. కిరసనాయిలు తొట్టినుండి గాలిమర ద్వారా వచ్చునది వాసన. పెట్రోలు తొట్టినుండి వచ్చునది మంటకు కాచుకొన్న ఆవిరి. రక్షించవలసిన మరయే అప్పుడు ప్రమాదమునకు ద్వారమగును.

దీపము కుదురుకొన్న పిదప దాని ధ్వని సమముగ, ఎడతెగని బుసగ నుండును. అది సన్నగిల్లి వెలుగు పసుపుబారినచో మొదట ఒత్తిడి చూడవలెను. ముల్లు గీటుదగ్గరనే యున్నను వెలుగు తగ్గినచో రంధ్రమున మసియో నలుసో చేరినది. చక్రమును ఒక చుట్టు చరచర త్రిప్పినచో లోపలి సూది పైకి లేచి రంధ్రమును పొడిచి దిగును. ఇంటి స్టవ్వుకు పెట్టు పిన్నును ఇక్కడ పైనుండి పెట్టినచో రంధ్రము పెద్దదై, నూనె ఎక్కువై, దీపము ఇక ఎన్నడును తెల్లగ మండదు. బుస ఆగి ఆగి, ఊపిరి తీసినట్లు గుప్పు గుప్పుమని వెలుగు పొంగి కుంగుచున్న, నూనెలో నీరున్నదేమో, గొట్టములో బొగ్గు పేరుకొన్నదేమో, గొట్టపు అతుకుదగ్గర ఆవిరి కారుచున్నదేమో చూడవలెను. అతుకుదగ్గర చిన్న నీలిమంట కనబడినచో ఆర్పి, చల్లార్చి, బిగించుట తప్ప మార్గము లేదు. మేంటిలులో ఒకవైపు చిల్లి పడి అక్కడినుండి మంట నాలుక చాచుచున్న, చాలమంది వెలుగున్నదిగదా యని ఊరకుందురు. ఆ నాలుక గాజును ఒకేచోట కాచి పగులగొట్టును. వేడిగాజుపై వానచినుకు పడినను అంతే. గాజు పగిలిన పిదప పురుగొకటి వచ్చి మేంటిలును రాల్చును, నాటకము ఆగును.

ధ్వనిలోను రంగులోను కనబడని అపాయమొకటి కలదు. మూసిన గదిలో దీపము ప్రాణవాయువును హరించును. మంట సరిగా లేనిచో కార్బన్ మోనాక్సైడు వెలువడును. దానికి రంగులేదు, వాసనలేదు. తలనొప్పిని పిల్లవాడు కిరసనాయిలు వాసనకు వచ్చినదనుకొనును. వీధిలో ఆరుబయట ఆడు నాటకమునకు లేని చిక్కు తుపాను రాత్రి తలుపులు బిగించుకొన్న కుటుంబమునకు కలదు. అందువలన వసారాలోనే దీపము. కిటికీ కొంతైనను తెరచియుండవలెను. దీపము వెలుగుచుండగ ఇంటిల్లిపాది నిద్రపోరాదు. తుపానురాత్రికి చిన్న టార్చిలైటే మేలని కొందరనవచ్చును. నిజమే. దీపమును దించవలెనన్న కోరిక కలిగినవారికే ఈ మాటలన్నియు.

పాఠశాలలో దీనిని చూపదలచిన ఉపాధ్యాయులు పిల్లలను నాలుగడుగుల దూరమున నిలిపి, తామొక్కరే వెలిగించుట మంచిది. వెలుగకముందు విడదీసి ఒక్కొక్క భాగమును చేతికందీయవచ్చును, మేంటిలును తప్ప. ఒత్తిడి, మరగుట, గాలిని లాగుట, తాపముచే వెలుగు, అన్ని పాఠములు ఒకే ఇత్తడిపాత్రలో దొరకును. పుస్తకములోని బొమ్మకన్న అది త్వరగ బోధపడును.

భారతనాటకమున దుర్యోధన వధకు తూర్పు తెల్లవారును. తెల్లని ఆకాశము క్రింద దీపపు తెలుపు వెలవెలబోవును. లైటు మనిషి వచ్చి గాలిమర విప్పును. మిగిలిన ఒత్తిడి నిట్టూర్పువలె వెడలిపోవును. మేంటిలు ఎఱ్ఱబడి, బూడిదరంగై, ముట్టుకొన్న రాలు స్థితిలో వ్రేలాడుచుండును. అతడు దానిని ఊపక, కుదుపక నేలపైనే అరగంట చల్లారనిచ్చి, మూత తీసి అడుగునూనెను సీసాలోనికి వంచి, తొట్టిని తలక్రిందుగ ఆరబెట్టును. తోలువాషరుకు ఒక బొట్టు నూనె వేయును. మఱునాటి రాత్రికి మరల వెలిగించువాడైనచో మేంటిలును అట్లే యుంచి, దీపమును తన తువ్వాలుతో చుట్టి, బండి అడుగున కాక, తన ఒడిలోనే పెట్టుకొని కూర్చుండును.